సర్వే ఒకచోట, సాఫ్ట్‌వేర్ మరోచోట: రాయలసీమ పరిశోధన సమీక్షా కమిటీలకు బహిరంగ లేఖ

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంత విశ్వవిద్యాలయాల పరిశోధన సమీక్షా కమిటీల సభ్యులకు, గైడ్లకు నమస్కారం.

మీ ముందుకు వచ్చే పీహెచ్‌డీ ప్రతిపాదనల్లో రెండు రకాల వాటి గురించి ఈ లేఖ రాస్తున్నాం. మొదటి రకం మేనేజ్‌మెంట్, కామర్స్ విభాగాల నుంచి వస్తుంది. ఫలానా డిజిటల్ సేవను రైతులో, ఉద్యోగులో, విద్యార్థులో ఎంతవరకు ఆమోదించారో ప్రశ్నావళితో తేలుస్తామంటుంది. రెండో రకం కంప్యూటర్ సైన్స్ నుంచి వస్తుంది. సాఫ్ట్‌వేర్ నాణ్యతను కొలిచే, లోపాలను ముందే పసిగట్టే మోడల్ తయారుచేస్తామంటుంది. మొదటిదాంట్లో సాఫ్ట్‌వేర్ ఉండదు, రెండోదాంట్లో మనిషి ఉండడు. సర్వే చేసిన స్కాలర్ ఆ యాప్‌ను ఒక్కసారైనా తెరిచి చూశారా అన్నది థీసిస్‌లో ఎక్కడా తెలియదు. మోడల్ కట్టిన స్కాలర్ లెక్కలో ఆ ప్రోగ్రామ్‌ను వాడిన మనిషి ఒక్కరూ కనిపించరు.

మా కోరిక ఇది. వాడేవాళ్ల గురించి ఏదైనా తేలుస్తామని చెప్పే ప్రతిపాదన ఏ విభాగం నుంచి వచ్చినా సరే, ఒకే సాఫ్ట్‌వేర్‌ను, అదే మనుషుల దగ్గర, అదే కాలంలో రెండు వైపుల నుంచీ కొలిచేలా ఉంటేనే అనుమతి ఇవ్వండి. ఎందుకు అడుగుతున్నామో, ఎలా చేయొచ్చో కింద వివరంగా రాస్తున్నాం.

ఈ పని మన ప్రాంతంలో ఎందుకు ముఖ్యమో మీకు తెలియంది కాదు. 2011లో మీసేవ వచ్చింది. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైంది. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక పంట నమోదు, పింఛను, ధ్రువపత్రాలు అన్నీ ఏదో ఒక తెర మీదుగానే నడుస్తున్నాయి. 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో మన మిత్ర సేవలు కూడా చేరాయి. వేరుశనగ వేసిన రైతుకు పంట నమోదు కాకపోతే బీమా, పరిహారం దగ్గర చిక్కు వస్తుంది. రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే ఆ పూట ఉత్త చేతులతో వెనక్కి రావాలి. ఇలాంటి చోట "82 శాతం మంది సంతృప్తి" అన్న తప్పు లెక్క థీసిస్ అట్టల మధ్యే ఉండిపోదు. ఏదో ఒక శాఖ సమీక్షలో అది ఆధారమై కూర్చుంటుంది.

ముందు ఆమోదం వైపు చూద్దాం. ఈ థీసిస్‌లన్నీ టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ అనే టామ్‌తో మొదలవుతాయి. ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన వ్యాసంలో కొలిచినవి రెండు: దీనివల్ల నా పనికి ఉపయోగం ఉందన్న నమ్మకం, దీన్ని వాడటం తేలికన్న నమ్మకం. ఒక్కోదానికి 14 వాక్యాలతో మొదలుపెట్టి, వడపోసి చివరికి ఆరేసి చొప్పున మిగిల్చాడు. పాల్గొన్నది మొత్తం 152 మంది, పరీక్షించినవి నాలుగు ప్రోగ్రాములు. కెనడాలోని ఐబీఎం ఉద్యోగుల దగ్గర ఒక ఈమెయిల్ వ్యవస్థను, ఒక ఫైల్ ఎడిటర్‌ను తీసుకున్నాడు. ఎంబీఏ విద్యార్థుల దగ్గర రెండు గ్రాఫిక్స్ ప్రోగ్రాములను తీసుకున్నాడు. ప్రతి వాక్యంలోనూ ఆ ప్రోగ్రామ్ పేరు ఉంది, దానితో చేసే పని ఏమిటో అడిగేవాళ్లకూ జవాబిచ్చేవాళ్లకూ తెలుసు. మన దగ్గరి ప్రశ్నావళుల్లో ఆ పేరు ఉండాల్సిన చోట "డిజిటల్ టెక్నాలజీ" అనో "ఆన్‌లైన్ సేవలు" అనో ఉంటోంది. ఆ మాట విన్న రైతుకు ఫోన్‌పే గుర్తుకు రావచ్చు, పక్కన కూర్చున్న రైతుకు యూట్యూబ్ గుర్తుకు రావచ్చు. ఇద్దరి జవాబులనూ కూడి సగటు తీస్తే వచ్చే అంకె దేన్ని గురించో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ప్రతిపాదనలో మీరు మొదట వెతకాల్సింది సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరు, అందులో కొలవబోయే పని. "పంట నమోదు యాప్, ఫలానా వెర్షన్, సర్వే నంబరు ఎంచుకోవడం, పంట ఎంచుకోవడం, ఫొటో తీయడం, సేవ్ చేయడం, సర్వర్‌కు పంపడం" అని రాసి ఉండాలి. ఆ స్థాయిలో రాయలేని స్కాలర్ ఇంకా పొలానికి వెళ్లలేదని అర్థం.

తర్వాతది తెలుగు ప్రశ్నావళి. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. ఇంగ్లిష్ వాక్యాలను ఒకరు తెలుగు చేస్తారు, మరొకరు తిరిగి ఇంగ్లిష్ చేస్తారు, రెండు ఇంగ్లిష్‌లూ కలిస్తే సరిపోయిందంటారు. బ్రిస్లిన్ 1970లో చెప్పిన ఈ పద్ధతి అవసరమే, కానీ చాలదు. మాటకు మాటగా చేసిన గ్రాంథిక తెలుగు తిరిగి ఇంగ్లిష్‌లోకి చక్కగా వెళ్లిపోతుంది, పరీక్ష పాసవుతుంది. కల్యాణదుర్గం రైతుకు మాత్రం అది అర్థం కాదు. అర్థం కాని వాక్యానికి మన ఊళ్లలో వచ్చే జవాబు "అవునండీ". అడిగేది చదువుకున్న మనిషి, చేతిలో కాగితాలున్నాయి, కాదంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం. ఆ "అవునండీ" లెక్కలో 4గానో 5గానో చేరిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు. అసలు సర్వేకు ముందు ఒక్కో వర్గం నుంచి ఎనిమిది, పది మందిని కూర్చోబెట్టి ఒక్కో వాక్యం చదివి వినిపించాలి. జవాబు తీసుకున్నాక "దీన్ని మీ మాటల్లో చెప్పండి" అనీ, "ఇది చెప్పేటప్పుడు మీకు ఏది గుర్తొచ్చింది" అనీ అడగాలి. ఇద్దరు ముగ్గురు తడబడిన వాక్యాన్ని తిరగరాయాలి, మళ్లీ అడగాలి. "ఈ యాప్ పనిని త్వరగా, సులభంగా పూర్తి చేస్తుంది" లాంటి వాక్యాలు ఈ దశలోనే బయటపడతాయి. త్వరగా అవుతుంది కానీ సులభం కాదనుకునే మనిషి దానికి ఏం చెప్పాలి? అందులో ఉన్నవి రెండు ప్రశ్నలు, విడగొట్టాలి. "వాడటం కష్టం కాదని నేను ఒప్పుకోను" లాంటి రెండు కాదనడాల వాక్యం తెలుగులో చెవితో వినేవాళ్లకు నిలవదు, తీసేయాలి.

ఐదు మెట్ల జవాబును కూడా ఒకేసారి చదివి వినిపించకూడదు. వినేవాళ్లకు చివర విన్నదే గుర్తుంటుంది. ముందు "ఒప్పుకుంటారా, ఒప్పుకోరా, ఎటూ చెప్పలేరా" అని అడగాలి. ఆ తర్వాత "పూర్తిగానా, కొంతవరకేనా" అని అడగాలి. రెండు చిన్న ప్రశ్నల్లో అదే ఐదు మెట్ల జవాబు వస్తుంది, తప్పులు తగ్గుతాయి. ఇంకొక సంగతి. ఆదోని, కర్నూలు పట్టణాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. రాయదుర్గం వైపు కన్నడం వినిపిస్తుంది. ఆ జనాన్ని శాంపిల్‌లో చేర్చి తెలుగు కాగితమే ఇస్తే కొలిచేది వాళ్ల తెలుగును. వేర్వేరు భాషల్లో అడిగినప్పుడు సగటులను పోల్చే ముందు కొలబద్ద అందరికీ ఒకేలా పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. గణాంకాల్లో దీన్ని మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ అంటారు. కొలబద్ద అందరికీ ఒకటేనన్న షరతును ఒక్కో మెట్టు బిగించేటప్పుడు, మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సీఎఫ్‌ఐ 0.01 కన్నా ఎక్కువ పడిపోతే పోలిక చెల్లదని 2002లో చ్యుంగ్, రెన్స్‌వోల్డ్ ఇచ్చిన హద్దును చాలామంది వాడతారు. భాషల వారీగా, స్త్రీ పురుషుల వారీగా సగటులు పోల్చే థీసిస్‌లో ఈ పట్టిక లేకపోతే వైవాలో అడగండి.

ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే, వాడటం ఎంత తేలికో చెప్పే పది వాక్యాల కొలత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జాన్ బ్రూక్ 1986లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో ఉండగా తయారుచేసింది. బేసి సంఖ్య వాక్యాలు మెచ్చుకోలు, సరి సంఖ్యవి ఫిర్యాదు. బేసి వాక్యాల మార్కులోంచి 1 తీసేయాలి. సరి వాక్యాల మార్కును 5లోంచి తీసేయాలి. పదింటినీ కూడి 2.5తో గుణిస్తే 0 నుంచి 100 మధ్య స్కోరు వస్తుంది. మనకు ఎదురయ్యే తప్పులు రెండు. ఒకటి, సరి వాక్యాలను తిప్పకుండా కూడేయడం. రెండోది, వచ్చిన 68ని "68 శాతం సంతృప్తి" అని రాయడం. అది శాతం కాదు. ఎన్నో ఉత్పత్తుల స్కోర్లను కలిపి చూస్తే సగటు 68 దగ్గర ఉంటుంది, అంటే 68 మామూలు స్థాయి. అన్నింటికీ "అవునండీ" అన్న మనిషిని పట్టుకోవడానికి ఈ బేసి, సరి ఏర్పాటు బాగా పనికొస్తుంది. మెచ్చుకోలుకూ ఫిర్యాదుకూ ఒకేలా 5 వేసిన కాగితాల్లో స్కోరు సరిగ్గా 50 వస్తుంది. అవి ఎన్నో లెక్కపెట్టి విడిగా చూపించమని అడగండి.

ఇక అసలు చిక్కు. మన దగ్గర చాలా సాఫ్ట్‌వేర్ ఇష్టపడి వాడేది కాదు. సచివాలయం ఉద్యోగి ఆ యాప్‌లో నమోదు చేయకపోతే మెమో వస్తుంది. అతన్ని "వచ్చే ఆరు నెలల్లో ఈ యాప్‌ను వాడాలనుకుంటున్నారా" అని అడగడంలో అర్థం లేదు. 2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు ఎనిమిది మోడళ్లను కలిపి యూటాట్ మోడల్ కట్టినప్పుడు స్వేచ్ఛగా వాడుతున్నారా, తప్పనిసరై వాడుతున్నారా అన్నదాన్ని మోడల్‌లో భాగంగానే ఉంచారు. వయసు, స్త్రీ పురుష భేదం, అనుభవం, స్వేచ్ఛ అనే ఆ నాలుగింటినీ పక్కన పెట్టేసి మిగిలిన పెట్టెలూ బాణాలూ మాత్రమే దించుకుంటున్నారు మనవాళ్లు. తప్పనిసరి వాడకంలో ఆమోదం నోటితో బయటపడదు, అడ్డదారుల్లో బయటపడుతుంది. కొలవాల్సినవి అవే. యాప్ పక్కన ఇంకా నోటు పుస్తకం నడుస్తోందా? పొలం దగ్గర నింపాల్సింది ఆఫీసుకొచ్చాక గుంపుగా నింపుతున్నారా? ఒకరి లాగిన్ నలుగురు వాడుతున్నారా? ఫొటో తీయాల్సిన చోట పాత ఫొటోనే మళ్లీ ఫొటో తీస్తున్నారా? తప్పనిసరి గడిలో "0" లేదా "ఎన్ఏ" కొట్టి దాటేస్తున్నారా? ఇవన్నీ లెక్కపెట్టదగ్గవే. నోటు పుస్తకాన్ని, సర్వర్ రికార్డును పక్కపక్కన పెట్టి యాభై ఎంట్రీలు సరిచూస్తే ప్రశ్నావళి చెప్పని సంగతులు తెలుస్తాయి.

వాడకాన్ని కూడా వాడేవాళ్లనే అడిగి రాసుకోవడం పెద్ద బలహీనత. స్ట్రాబ్, లిమాయెమ్, కరహన్నా 1995లో వాయిస్ మెయిల్ మీద చేసిన అధ్యయనంలో మనుషులు చెప్పిన వాడకానికీ, యంత్రం నమోదు చేసిన వాడకానికీ పొత్తు బలంగా కుదరలేదు. ఉపయోగం, తేలిక, ఉద్దేశం, వాడకం నాలుగూ ఒకే మనిషిని, ఒకే కూర్చోవడంలో, ఒకే కాగితం మీద అడిగితే అవి ఒకదానితో ఒకటి కలవడం సహజం. ఆ కలయికలో కొంత భాగం కాగితానిదే. జవాబులన్నీ ఒకే కాగితం నుంచి రావడంవల్ల వచ్చే పక్షపాతాన్ని చూసే హార్మన్ పరీక్ష ఒకటి చేసి "50 శాతం దాటలేదు కాబట్టి ఇబ్బంది లేదు" అనే పేరాను దయచేసి ఒప్పుకోకండి. ఆ పరీక్షకు అంత బలం లేదు. వాడకాన్ని సర్వర్ లాగ్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ దాచుకునే రికార్డు) నుంచి తీసుకుంటే ఆ సమస్య మూలంలోనే తగ్గుతుంది.

శాంపిల్ విషయంలో 384 అన్న అంకె మన థీసిస్‌లలో మంత్రమైపోయింది. క్రెజ్సీ, మోర్గన్‌లు 1970లో ఇచ్చిన పట్టికలోది. 95 శాతం నమ్మకం, 5 శాతం పొరపాటు హద్దు, సగం సగం నిష్పత్తి అనుకుంటే వచ్చే లెక్క అది. అది చెల్లేది జనాభాలోంచి చీటీ తీసినట్టు ఎంచుకున్నప్పుడు మాత్రమే. మన స్కాలర్లు ఊరికి ఇరవై మంది చొప్పున తీసుకుంటారు. ఒకే ఊళ్లో ఒకే టవర్, ఒకే సచివాలయం, ఒకే ఉద్యోగి ఉంటారు కాబట్టి జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. 0 నుంచి 1 దాకా ఉండే కొలతలో ఆ దగ్గరతనం 0.05 అనుకుందాం. ఊరికి ఇరవైలో ఒకటి తీసేస్తే 19; 1కి 19 ఇంటూ 0.05 కలిపితే 1.95 వస్తుంది. 384ను 1.95తో భాగిస్తే 197. అంటే నాలుగు వందల కాగితాల కష్టం పడి, రెండు వందల మందిని విడివిడిగా అడిగినంత సమాచారమే తెచ్చారు. ఊరికి ఇరవై బదులు ఎనిమిది మందిని తీసుకుని ఊళ్ల సంఖ్య పెంచితే అదే 384కి 1.35 మాత్రమే భాగహారం, మిగిలేది 284. బస్సు ఖర్చు పెరుగుతుంది, నిజమే. గ్రాంటు లేని స్కాలర్‌కు అది భారమనీ తెలుసు. అలాంటప్పుడు తక్కువ మండలాలు తీసుకుని, ఆ పరిమితిని శీర్షికలోనే చెప్పనివ్వండి. గూగుల్ ఫారం లింకును కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి "రాయలసీమ రైతులు" అని శీర్షిక పెట్టడం కన్నా అది ఎంతో నిజాయితీ.

గణాంకాల్లో ఒకటి రెండు మాటలు చాలు. వాక్యాల మధ్య పొందికను చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.97 వచ్చిందని మెచ్చుకోకండి, ఒకే వాక్యాన్ని ఆరు రకాలుగా అడిగారేమో చూడండి. ఉపయోగం, తేలిక నిజంగా రెండు వేర్వేరు సంగతులుగా విడివడ్డాయా అన్నదానికి, రెండు భావనలు ఎంత కలిసిపోయాయో చెప్పే హెచ్‌టీఎంటీ నిష్పత్తి 0.85 లోపు, మరీ దగ్గరి భావనలైతే 0.90 లోపు ఉండాలి. పట్టిక అడగండి.

ఇప్పుడు నాణ్యత వైపు. కంప్యూటర్ సైన్స్ థీసిస్‌లలో ఎక్కువగా కనిపించేవి మెకేబ్ 1976లో ఇచ్చిన సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ, చిదంబర్, కెమెరర్ 1994లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ కోడ్‌కు ఇచ్చిన ఆరు కొలతలు, నాసా ప్రోగ్రాముల లోపాల డేటా మీద లోపాల అంచనా. మంచి పనిముట్లే. ఒక ఫంక్షన్‌లో ఎన్ని స్వతంత్ర దారులున్నాయో, వాటన్నింటినీ పరీక్షించడానికి కనీసం ఎన్ని పరీక్షలు కావాలో మెకేబ్ లెక్క చెబుతుంది. ఆయన సూచించిన 10 హద్దు ఇవాళ్టికీ పనికొస్తుంది. అది వాడే మనిషి గురించి ఏమీ చెప్పదు, చెబుతుందని మెకేబ్ కూడా అనలేదు. నాసా డేటాలో ఒకే వరుస పదేపదే ఉండటం, పొంతన లేని విలువలు ఉండటం గురించి 2013లో షెపర్డ్ బృందం వివరంగా రాసింది. అదే వరుస శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటే 98 శాతం కచ్చితత్వం రావడంలో వింత లేదు. డేటా ఏ రూపంలో తీసుకున్నారు, నకళ్లను ఎప్పుడు తీసేశారు అని అడగకుండా అలాంటి అంకెను దాటనివ్వకండి.

నాణ్యతకు చట్రం కావాలంటే ఐఎస్‌ఓ/ఐఈసీ 25010 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2011 కూర్పులో ఎనిమిది లక్షణాలుండేవి. 2023 కూర్పులో తొమ్మిది అయ్యాయి: సేఫ్టీ, అంటే ప్రాణాపాయం లేకపోవడం కొత్తగా చేరింది, యూజబిలిటీ స్థానంలో ఇంటరాక్షన్ కేపబిలిటీ, పోర్టబిలిటీ స్థానంలో ఫ్లెక్సిబిలిటీ వచ్చాయి. ఇప్పటికీ 2001 నాటి 9126 ప్రమాణాన్ని వర్తమానంగా చెప్పే సినాప్సిస్‌లు వస్తున్నాయి. ఏ కూర్పో రాయమనండి. అయితే లక్షణాల జాబితా దించుకుని ఒక్కోదానికి "నాణ్యత బాగుందా" అని ఐదు మెట్ల ప్రశ్న వేయడం నాణ్యతను కొలవడం కాదు. అది అభిప్రాయాన్ని కొలవడమే, మళ్లీ సర్వేనే.

కొలత అంటే ఇలా ఉండాలి. ఐదారు పనులు ఎంచుకుని, అదే ఉద్యోగితో, అదే ఫోన్‌లో, అదే ఊళ్లో చేయించాలి. ఎవరి సాయమూ లేకుండా పూర్తయిందా, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారు, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించారు రాసుకోవాలి. సమయానికి సగటు తీయకూడదు. ఐదుగురికి 40, 45, 50, 55, 310 సెకన్లు పట్టిందనుకోండి. సగటు 100. ఆ ఐదుగురిలో ఎవరికీ 100 సెకన్లు పట్టలేదు. మధ్య విలువ 50 చెప్పి, 310 ఎందుకయిందో విడిగా రాయాలి. చాలాసార్లు అసలు లోపం ఆ ఐదో మనిషి దగ్గరే ఉంటుంది. ఇరవై మందిలో అందరూ పని పూర్తిచేసినా "వైఫల్యం సున్నా" అనకూడదు. ఇలాంటప్పుడు 3ను మనుషుల సంఖ్యతో భాగించే సూత్రం ఒకటుంది. 3ను 20తో భాగిస్తే 0.15: అసలు వైఫల్యం దాదాపు 15 శాతం దాకా ఉన్నా ఇరవై మందిలో కనిపించకపోవచ్చు.

సర్వర్ ఎంతసేపు పనిచేసింది అన్న అంకెకూ ఇదే జాగ్రత్త కావాలి. నెలకు 99 శాతం అంటే 720 గంటల్లో 7.2 గంటలు ఆగిందని. అవి అర్ధరాత్రి ఆగితే ఎవరికీ తెలియదు. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజుల పనివేళల్లోనే ఆగితే 200 గంటల్లో 7.2, అంటే 3.6 శాతం. పంట నమోదు గడువు చివరి రెండు రోజుల్లో ఆగితే రైతుకు అది మొత్తం పోయినట్టే. కాబట్టి పనివేళల్లో, గడువు రోజుల్లో విడిగా కొలవాలి.

తెలుగు అక్షరాల దగ్గర వచ్చే లోపాలను ఏ విదేశీ ప్రశ్నావళీ అడగదు, మనమే కొలవాలి. "లక్ష్మి" చూడటానికి రెండక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. "వెంకటేశ్వర్లు" ఐదక్షరాలు, 13 సంకేతాలు, 39 బైట్లు. డేటాబేస్‌లో పేరు గడిని 30 బైట్లకు కట్టేస్తే ఆ పేరు మధ్యలో తెగుతుంది, తెగిన పేరు ఆధార్‌లోని పేరుతో కలవదు, దరఖాస్తు తిరిగొస్తుంది. "రాజ్‌కుమార్" పేరులో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకరు కొడతారు, ఒకరు కొట్టరు. వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు, ఒకే మనిషికి రెండు రికార్డులు పుడతాయి. వంద తెలుగు పేర్లు తీసుకుని నమోదు చేసి, తిరిగి వెతికి, ప్రింట్ తీసి ఎన్ని చెక్కుచెదరకుండా వచ్చాయో లెక్కపెట్టడం ఒక రోజు పని. ఆ అంకె ఒక్కటైనా ప్రతి థీసిస్‌లో ఉంటే బాగుంటుందని మా కోరిక.

లాగ్‌లను వాడేటప్పుడు ఏది ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. చాలా సర్వర్లు గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతాయి. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఉదయం 10 గంటల ఎంట్రీ లాగ్‌లో తెల్లవారుజాము 4:30గా కనిపిస్తుంది, "ఉద్యోగులు తెల్లవారకముందే పనిచేస్తున్నారు" అని తప్పుడు నిర్ధారణ వస్తుంది. సిగ్నల్ లేని చోట నింపింది ఫోన్‌లోనే ఉండి, ఊళ్లోకి వచ్చాక ఒక్కసారిగా సర్వర్‌కు చేరుతుంది. నింపిన సమయం, చేరిన సమయం రెండూ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. చేరిన సమయమే ఉంటే, పొలం దగ్గర నిజాయితీగా నింపిన ఉద్యోగి కూడా సాయంత్రం గుంపుగా నింపినవాడిలా కనిపిస్తాడు. లాగిన్ల సంఖ్య మనుషుల సంఖ్య కాదు. ఒకే లాగిన్ ఒకే గంటలో రెండు వేర్వేరు ఫోన్ల నుంచి వస్తే గుర్తుపెట్టి పక్కన పెట్టాలి.

రెండు వైపులనూ కలిపే చోట ఒక తర్కదోషం పదేపదే కనిపిస్తోంది, దీన్ని మీరే ఆపగలరు. ఒకే ఒక్క యాప్ మీద సర్వే చేసి "సాఫ్ట్‌వేర్ నాణ్యత ఆమోదాన్ని ప్రభావితం చేస్తోంది" అని తేలుస్తున్నారు. యాప్ ఒక్కటే అయినప్పుడు దాని కోడ్ నాణ్యత అందరికీ ఒకటే. మారని దాని ప్రభావాన్ని ఏ రిగ్రెషన్ చెబుతుంది? మారుతున్నది అభిప్రాయం. నచ్చినవాళ్లు నాణ్యత బాగుందన్నారు, నచ్చనివాళ్లు బాగాలేదన్నారు, అంతే. 2007లో బెన్‌బసాత్, బార్కి టామ్ పరిశోధనల మీద పెట్టిన ఫిర్యాదు కూడా ఇదే కోవలోది: ఉపయోగం ముఖ్యమని వందలసార్లు రుజువు చేశారు, ఆ ఉపయోగం సాఫ్ట్‌వేర్‌లోని దేనివల్ల వస్తుందో తేల్చలేదని.

నాణ్యత మారే చోటు వెతకాలి, అది కష్టం కాదు. అదే యాప్ రెండు జీబీ మెమరీ ఫోన్‌లో ఒకలా, ఆరు జీబీ ఫోన్‌లో మరోలా నడుస్తుంది. కర్నూలు నగరంలో ఒకలా, నల్లమల అంచు గ్రామాల్లో మరోలా నడుస్తుంది. వెర్షన్ మారినప్పుడు ముందూ తర్వాతా తేడా ఉంటుంది. ముఖ్యంగా ఈ చివరిది మన స్కాలర్లకు అందుబాటులో ఉన్న మంచి అవకాశం. కొత్త వెర్షన్ రాకముందు ఎనిమిది పది వారాలు, వచ్చాక ఎనిమిది పది వారాలు, వారం వారం అవే కొలతలు తీసుకుంటే, దాంతోపాటు ముందొకసారి, తర్వాతొకసారి అదే మనుషులకు అదే ప్రశ్నావళి ఇస్తే, మార్పు దేనివల్లో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. కాలం విషయంలో మాత్రం జాగ్రత్త. ఖరీఫ్‌లో పంట నమోదు ముమ్మరంగా ఉన్నప్పటి లెక్కను, పని లేని వేసవి లెక్కతో పోల్చి "కొత్త వెర్షన్‌లో వేగం పెరిగింది" అనకూడదు. వీలైతే వెర్షన్ ఇంకా మారని మండలాలతో పోల్చి చూడాలి.

అనుమతుల గురించి రెండు మాటలు. ఉద్యోగుల ప్రశ్నావళిని వాళ్ల పై అధికారి ద్వారా పంచి, అతని ద్వారానే వెనక్కి తీసుకోవడం మానిపించండి. అలా వచ్చిన కాగితాల్లో ఉండేది భయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక లాగ్‌లలో పేరు, ఫోన్ నంబరు, ఆధార్ ఉంచుకుని తిరగడం స్కాలర్‌కూ విశ్వవిద్యాలయానికీ ప్రమాదమే. శాఖ దగ్గరే వాటిని తీసేసి, బదులుగా అర్థం లేని సంకేత సంఖ్యలు పెట్టించి తీసుకోవాలి. ఎవరి లాగ్ ఎవరిదో పై అధికారికి తెలియదని ఉద్యోగికి రాతపూర్వకంగా చెప్పాలి. శాఖ లాగ్‌లు ఇవ్వకపోతే ఏం చేయాలి? అనుమతి తీసుకున్న ముప్పై నలభై ఫోన్లలో తెర రికార్డింగ్ పెట్టుకున్నా, పక్కన కూర్చుని గడియారం పట్టుకున్నా కొలత వస్తుంది. ఆ చిన్న కొలత కూడా పెద్ద సర్వే కన్నా ఎక్కువ చెబుతుంది.

మీరు చేయాల్సిందల్లా రిజిస్ట్రేషన్ ఫారానికి ఒక పేజీ చేర్చడం. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, కొలిచే పనులు, వాడకం స్వేచ్ఛా తప్పనిసరా, నాణ్యత ఎక్కడ మారుతోంది, ఊరికి ఎంతమంది, ఎన్ని ఊళ్లు, తెలుగు ప్రశ్నావళిని ఎవరి మీద పరీక్షించారు, లాగ్ ఎక్కడి నుంచి. తొమ్మిది గడులు. మేనేజ్‌మెంట్ స్కాలర్‌కు కంప్యూటర్ సైన్స్ నుంచి ఒక సహ గైడ్, కంప్యూటర్ సైన్స్ స్కాలర్‌కు అటు నుంచి ఒకరు ఉండేలా నియమం పెడితే ఈ తొమ్మిది గడులూ వాటంతటవే నిండుతాయి.

మరొకటి. ఇప్పటిదాకా వచ్చిన థీసిస్‌లలోని తెలుగు ప్రశ్నావళులన్నీ అనుబంధాల్లో పడి ఉన్నాయి. వాటిని బయటికి తీసి, ఏ వాక్యాన్ని ఎవరు ఎక్కడ పరీక్షించారో రాసి, మూడు జిల్లాల విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో అందరికీ తెరిచి పెట్టండి. వాక్యాలను సరిచూసి, ఏవి నిలుస్తాయో ఏవి తిరగరాయాలో గుర్తుపెట్టే పనికి మేం సిద్ధంగా ఉన్నాం. వచ్చే రిజిస్ట్రేషన్ల నోటిఫికేషన్‌కు ముందే ఆ ఫారం పేజీ మీద ఒక సమావేశం పెట్టండి, వస్తాం.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ కొలతలు, వినియోగదారుల సర్వేల పనిలో ఉన్న కొందరం
అనంతపురం